పాలచౌడు మడిలో సిలికాన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

హుజూరాబాద్ వైపు కాకతీయ కాలువ కింద, చివరి తూముకు దగ్గరగా ఉన్న మీ మూడెకరాల్లో రెండెకరాలు వరి, ఎకరం మిరప వేశారు. యాసంగిలో మడి ఆరినప్పుడల్లా గట్ల వెంట తెల్లగా ఉప్పు పేరుతోందని, నాటిన ఇరవై రోజులకే వరిలో కింది ఆకుల కొనలు ఎండి చుట్టుకుపోతున్నాయని రాశారు. మట్టి పరీక్షలో పీహెచ్ 8.1, మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ (విద్యుత్ వాహకత) 2.2 డెసీసీమెన్స్ వచ్చాయి. మందుల దుకాణంలో ‘సిలికాన్ కొడితే చౌడు విరుగుతుంది’ అంటూ 2 శాతం ఆర్థోసిలిసిక్ ఆమ్లం ఉన్న లీటరు సీసా చేతిలో పెట్టారు. ఆ మాట నిజమేనా, వరికీ మిరపకూ రెండింటికీ కొట్టవచ్చా, పక్క రైతు చెప్పినట్టు సబ్బుల తయారీలో వాడే సోడియం సిలికేట్ చౌకగా దొరుకుతుంది కాబట్టి అదే చల్లితే సరిపోదా అన్నవి మీ ప్రశ్నలు.

ఉప్పు దెబ్బను తట్టుకోవడానికి సిలికాన్ వరికి తోడ్పడుతుందన్నది నిజం. చౌడు విరుగుతుందన్నది మాత్రం అబద్ధం. సిలికాన్ పనిచేసేది మొక్క వేరులో. మట్టిలో ఉన్న ఒక్క గ్రాము సోడియాన్ని కూడా అది బయటికి పంపదు. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల ఎందరో రైతులు మురుగు కాలువ తవ్వించాల్సిన డబ్బును సీసాల మీద పెట్టడం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ నివేదికను సరిగా చదువుకుందాం. పీహెచ్ 8.5 దాటలేదు, పైన తెల్లటి పొర కనబడుతోంది కాబట్టి మీది పాలచౌడు; నీరు ఇంకకుండా బిగుసుకుపోయి, తడిపితే నల్లటి జిడ్డు తేలే కారుచౌడు కాదు. కారుచౌడుకు మందు జిప్సం. పాలచౌడుకు మందు మంచినీళ్లు, ఆ నీళ్లు బయటికి పోయే దారి. ఇక ఈసీ 2.2 అని చూసి, వరి 3 దాకా తట్టుకుంటుందని పుస్తకాల్లో ఉంది కదా అని ధైర్యపడకండి. పుస్తకాల్లోని ఆ 3 డెసీసీమెన్స్ అంకె, మట్టిని నీటితో ముద్దలా కలిపి అందులోంచి పీల్చి తీసిన ద్రవానిది. మన ప్రయోగశాలల్లో సాధారణంగా ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు పోసి కొలుస్తారు. పలుచన పెరిగిన కొద్దీ అంకె తగ్గుతుంది. మీ 2.2ను ముద్ద లెక్కలోకి మారిస్తే 5 దాటుతుందనే నా అంచనా. 3 దాటిన తరువాత పెరిగే ప్రతి డెసీసీమెన్‌కూ వరి దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుందన్నది అందరూ వాడే లెక్క. అంటే 5 దగ్గరే మీ పంటలో నాలుగో వంతు పోయినట్టు.

ఉప్పు వరిని రెండు దెబ్బలు కొడుతుంది. మొదటిది నీటి కరువు: మడి నిండా నీళ్లున్నా, ఆ నీళ్లలో ఉప్పు ఉండడం వల్ల వేరు దానిని లాక్కోలేదు, మొక్క గిడసబారుతుంది. ఇది నాటిన నాలుగు రోజుల్లోనే మొదలవుతుంది. రెండవది నిదానంగా వచ్చే విషం: నీటితోపాటు పైకెక్కిన సోడియం ముదురు ఆకుల్లో పేరుకుని, పొటాషియం ఉండవలసిన చోట తాను కూర్చుంటుంది. మీరు చూసిన ఎండు కొనలు ఈ రెండవ దెబ్బ గుర్తులు. కింది ఆకులు ముందు పోవడానికి కారణం వాటిలోకి ఎక్కువ రోజులుగా నీరు ఎక్కుతూ ఉండడమే. నారు దశలోనూ, మళ్లీ పొట్ట, పూత దశల్లోనూ వరి ఉప్పుకు మరీ సున్నితంగా ఉంటుంది; మధ్యలో పిలకలు వేసేటప్పుడు కొంత ఓర్చుకుంటుంది.

సిలికాన్ ఎక్కువగా అడ్డుపడేది ఈ రెండవ దెబ్బకే. ఎలా అన్నది అర్థం కావాలంటే ఓరుగల్లు కోటను ఒకసారి గుర్తుచేసుకోండి. బయట మట్టికోట, లోపల రాతికోట. వరి వేరులోనూ అలాగే రెండు వలయాలుంటాయి: బయటిది ఎక్సోడెర్మిస్, లోపలిది ఎండోడెర్మిస్. కణాల మధ్య సందుల్లోంచి నీరు జారుకుని లోపలి నాళాల్లోకి పోకుండా ఈ రెండింటి గోడల్లోనూ మైనం వంటి పదార్థం పట్టీలుగా పేరుకుని ఉంటుంది. అప్పుడు నీరూ పోషకాలూ కణాల లోపలి గుండా, అంటే ద్వారపాలకులున్న గుమ్మాల గుండా, వెళ్లాలి. కానీ వరి గోడలు అంత గట్టివి కావు. కొన లేతగా ఉన్న చోట, పక్క వేర్లు చీల్చుకుని పుట్టే చోట గండ్లుంటాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఈ దొంగదారిలో పోయే నీరు మొత్తంలో కొద్ది శాతమే అయినా, ఉప్పు నేలలో వరి ఆకులకు చేరే సోడియంలో ఎక్కువ భాగం ఆ దారినే వస్తుంది. ఎందుకంటే అక్కడ ఆపే వారు లేరు.

1999లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన యో, ఫ్లవర్స్ తదితరులు దీన్ని చక్కటి ఉపాయంతో చూపించారు. కణ పొరలను దాటలేని ఒక మెరిసే రంగును వరి వేర్లున్న ఉప్పునీటిలో కలిపారు. కణాల గుండా పోలేదు కాబట్టి ఆ రంగు ఆకులో కనబడిందంటే అది దొంగదారిన వచ్చినట్టే. సిలికేట్ కలిపిన నీటిలో పెంచిన మొక్కల ఆకులకు రంగు తక్కువ చేరింది, సోడియమూ తక్కువ చేరింది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ మొక్కలు నీళ్లు పీల్చడం తగ్గించుకోలేదు. ఆకు రంధ్రాలు ఇంకా బాగా తెరుచుకున్నాయి. అంటే నీటిని ఆపకుండానే ఉప్పును ఆపగలిగాయి. వేరు గోడల్లో సిలికా (ఆక్సిజన్‌తో కలిసిన సిలికాన్) పేరుకోవడం, దాంతోపాటు మైనపు పట్టీలు ముందుగానే, మందంగా ఏర్పడడం దీనికి కారణమని తరువాతి పరిశోధనలు సూచించాయి. మట్టికోట గండ్లను సున్నంతో పూడ్చినట్టన్నమాట.

సిలికాన్ వల్ల సోడియాన్ని కణాల్లోని సంచుల్లోకి తోసే పంపులు చురుకవుతాయని, ఆకుల్లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మారుతుందని, విషపు ఆక్సిజన్‌ను చల్లార్చే ఎంజైములు పెరుగుతాయని కూడా చాలా పత్రాలున్నాయి. అవి తప్పని అనను. కానీ వేరు దగ్గరే ఉప్పు తక్కువ ఎక్కితే ఆకులో ఇవన్నీ వాటంతట అవే కుదుటపడతాయి కదా. కారణం ఏది, పర్యవసానం ఏది అన్నది ఇంకా తేలని వాదం. రైతుకు పనికొచ్చేది గండి పూడ్చడం ఒక్కటే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ మిరప సంగతి తేలిపోతుంది. గండి పూడ్చాలంటే సున్నం, అంటే ఇక్కడ సిలికాన్, లోపలికి రావాలి, దానికి గుమ్మం ఉండాలి. మట్టి నీటిలో సిలికాన్ మోనోసిలిసిక్ ఆమ్లంగా (మీ సీసా మీది ఆర్థోసిలిసిక్ ఆమ్లం ఇదే), పీహెచ్ 9 లోపు ఏ విద్యుదావేశమూ లేని చిన్న అణువుగా ఉంటుంది. దాన్ని వేరులోకి లాక్కునే వాహకాన్ని వరిలో 2006లో జపాన్ ఒకాయామా విశ్వవిద్యాలయంలోని జియాన్ ఫెంగ్ మా బృందం గుర్తించి ఎల్‌ఎస్‌ఐ1 అని పేరు పెట్టింది. మరుసటి ఏడాది ఎల్‌ఎస్‌ఐ2 బయటపడింది. నేను చెప్పిన రెండు వలయాల కణాల్లోనే ఇవి ఉంటాయి. మొదటిది కణానికి బయటి వైపున ఉండి లోనికి తీసుకుంటే, రెండవది నాళం వైపున ఉండి శక్తి ఖర్చు పెట్టి అవతలికి నెడుతుంది. ఈ జంట ఉండడం వల్లే వరి తన ఎండు బరువులో 10 శాతం దాకా సిలికాన్‌ను కూడబెట్టగలదు. వరి ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి కొన నుంచి మొదలు వైపు లాగండి, ఆకురాయిలా గీసుకుంటుంది. కలుపు తీసే ఆడవాళ్ల ముంజేతుల మీద సన్నటి గాట్లన్నీ ఈ సిలికావే. మిరప, టమాటా కుటుంబంలో ఈ జంట సరిగా పనిచేయదు. టమాటాలో సిలికాన్ 0.2 శాతం కూడా చేరదు. కుండీల్లో మిరపకు సిలికాన్ ఇచ్చి మేలు చూపిన ప్రయోగాలు లేకపోలేదు గానీ, పొలంలో మిరప మీద దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టమని నేను చెప్పలేను. అసలు మిరప ముద్ద లెక్కలో 1.5 దగ్గరే దెబ్బ తినడం మొదలుపెట్టి, ఆ పైన ప్రతి డెసీసీమెన్‌కూ 14 శాతం పోగొట్టుకునే పంట. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో చపాటా మిరపకు ధర బాగుందని మీరు రాశారు. నిజమే కావచ్చు, కానీ ఆ ఎకరం కూడా అంతే చౌడైతే మిరప దానికి తగదు. పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది, అయితే నీరు నిలిస్తే బతకదు. మిరప ఎకరం మట్టిని వేరుగా పరీక్ష చేయించిన తరువాతే నిర్ణయించుకోండి.

‘మా చెల్కంతా ఇసుకే, ఇసుకంతా సిలికానే కదా, మళ్లీ బయటి నుంచి ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. భూమి పై పొర బరువులో సుమారు 28 శాతం సిలికానే. కానీ ఇసుక రేణువు స్ఫటికం; అది నీటిలో లీటరుకు పట్టుమని పదీ పన్నెండు మిల్లీగ్రాముల సిలికాను కూడా వదలదు. మొక్క కణాల్లో గాజులా పేరుకున్న సిలికా స్ఫటికం కాదు; అది లీటరుకు 100 మిల్లీగ్రాముల పైనే కరుగుతుంది. అందువల్ల ఇసుక నిండిన చెల్కలోనే వరికి సిలికాన్ కొరత రావచ్చు, గడ్డిలోనూ ఊకలోనూ అదే సిలికాన్ సిద్ధంగా ఉండవచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఎకరానికి 25 క్వింటాళ్ల గడ్డి వచ్చిందనుకోండి, అందులో 5 శాతం సిలికాన్ అనుకోండి: 125 కిలోలు. మీ సీసాలో 2 శాతం ఆమ్లం ఉంది. ఎకరానికి 250 మిల్లీలీటర్లు కొట్టమన్నారు, అంటే 5 గ్రాముల ఆమ్లం, అందులో సిలికాన్ ఒకటిన్నర గ్రాము. మూడుసార్లు కొట్టినా ఐదు గ్రాములు నిండదు. పైగా ఆకు మీద పడింది వేరు గోడలకు దిగదు. అంత కొద్ది మోతాదుతోనూ మంచి జరిగిందని చెప్పే ప్రయోగాలున్నాయి, కాదనను. కానీ ఉప్పును వేరు దగ్గర ఆపే పనిని ఆ సీసా నుంచి ఆశించడం దండగ. మిషన్ కోతలు వచ్చాక గడ్డిని కట్టలు కట్టి అమ్మేయడమో, కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడమో అలవాటైంది. నిప్పు పెడితే సిలికా పొలంలోనే మిగులుతుంది గానీ నత్రజని, సేంద్రియ పదార్థం గాలిలో కలిసిపోతాయి. అమ్మితే అంతా బండెక్కి పోతుంది. ప్రతి యాసంగికీ నూరు కిలోలకు పైగా సిలికాన్‌ను గేటు దాటించి, ఒకటిన్నర గ్రాముకు డబ్బులు పెట్టి కొంటున్నాం.

అందుచేత మీ వరికి సిలికాన్ కావాలంటే మీ దగ్గరే దొరికే రెండు వస్తువులు చాలు. మొదటిది గడ్డి. నాటడానికి కనీసం నాలుగు వారాల ముందు దాన్ని దున్ని, తడిపి, కుళ్లనివ్వాలి. తొందరపడి నాటు ముందు తొక్కితే కుళ్లే గడ్డి నత్రజనిని లాగేసుకుంటుంది, నీరు నిలిచే మడిలో వేర్లు నల్లబడతాయి. మీ మడికి మురుగు దారి లేనంతవరకు సగం గడ్డికి మించి కలపవద్దు. రెండవది ఊక బూడిద. కరీంనగర్, పెద్దపల్లి వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ల దగ్గర గుట్టలు పడి ఉంటుంది; బూడిద బరువులో 85 నుంచి 95 శాతం సిలికాయే. కానీ ప్రతి బూడిదా పనికిరాదు. 700 డిగ్రీల లోపు మెల్లగా కాలిన బూడిద నల్లగానో ముదురు బూడిద రంగులోనో ఉండి, చేతిలో నలిపితే మెత్తగా పొడి అవుతుంది. అందులోని సిలికా ఇంకా కరిగేదే. అంతకు మించిన వేడిలో చాలాసేపు కాలినది తెల్లగా, ఒక్కోసారి గులాబీ ఛాయతో, గరగరలాడుతూ ఉంటుంది. అది మళ్లీ ఇసుకే అయిపోయింది, మడిలో వేసినా లాభం లేదు. ఆ తెల్ల బూడిద దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం కూడా. ఏ బూడిదనైనా మిల్లు దగ్గరే తడిపి సంచులకు ఎత్తండి. బొగ్గు కలిపి కాల్చే మిల్లు బూడిద అసలే వద్దు.

బూడిదను నేను ముందుగా నారుమడికి ఇప్పిస్తాను, చదరపు మీటరుకు ఒక కిలో చొప్పున, విత్తే ముందు పై మట్టిలో కలిపి. ఉప్పుకు అన్నిటికంటే సున్నితమైనది నారు. ఎకరానికి నాలుగైదు గుంటల నారుమడికి ఆరు క్వింటాళ్ల లోపే పడుతుంది కాబట్టి మోయడం కష్టం కాదు. అలా పెంచిన నారు పీకేటప్పుడు ఆకు నిలువుగా, గట్టిగా నిలబడి ఉంటుంది. ప్రధాన పొలానికి ఇంత మోతాదు అక్కరలేదు, ఆఖరి దమ్ముకు ముందు ఎకరానికి ఐదారు క్వింటాళ్లు వేయగలిగితే వేయండి. జపాన్‌లో 1955 నుంచే వరికి ఉక్కు కర్మాగారాల కాల్షియం సిలికేట్ చిట్టెం ఎరువుగా గుర్తింపు పొందింది. మన ప్రాంతంలో అటువంటిది నమ్మకంగా దొరికితే అదీ మంచిదే.

పిచికారీ వద్దని పూర్తిగా అనడం లేదు. సీసా ఎలాగూ కొన్నారు కాబట్టి వరి మీద వాడండి, కానీ ఒక షరతు. మడిలో ఒక మూల రెండు గుంటలు కర్రలు పాతి కొట్టకుండా వదిలేయండి, కోతలప్పుడు ఆ వడ్లను, అంతే వైశాల్యంలో కొట్టిన చోటి వడ్లను వేరువేరుగా తూకం వేయండి. నా మాటా, దుకాణదారు మాటా కాకుండా మీ కాంటా మాట వినండి. ఇంకొకటి: ఎప్పుడైనా పొటాషియం సిలికేట్ రకం సిలికాన్ మందు కొడితే దాన్ని దేనితోనూ కలపకండి. ఒకసారి పొరపాటున దాన్ని పుల్లటి స్వభావం ఉన్న ఒక మందుతో కలిపి పంపులో పోశాను. పది నిమిషాల్లో ట్యాంకు అడుగున సగ్గుబియ్యం జావలాంటి ముద్ద తయారై, నాజిల్ మూసుకుపోయింది. క్షార గుణం తగ్గగానే సిలిసిక్ ఆమ్లపు అణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయని నాకు పుస్తకంలో తెలుసు. పంపు గొట్టాన్ని సైకిల్ పుల్లతో పొడుస్తూ కూర్చున్న రోజున బాగా తెలిసింది.

ఇక అసలు వైద్యం. ఒక అడుగు లోతు మట్టిలోంచి ఒక అడుగు నీరు కిందికి దిగి బయటికి పోతే అందులోని ఉప్పులో దాదాపు 80 శాతం కడుక్కుపోతుందన్నది పాత, నమ్మదగిన లెక్క. దిగి బయటికి పోవాలి. మడిలో నిలబెట్టి ఎండబెడితే ఉప్పు మళ్లీ పైకే వస్తుంది. మీ మడి కాలువ చివర ఉన్నందువల్ల పై పొలాల ఊట అంతా మీ కిందే చేరుతోంది. పక్క ఇద్దరు రైతులతో మాట్లాడి ఒర్రె దాకా మూడడుగుల లోతు మురుగు కాలువ తీయించండి. ఒక్కరే తీస్తే నీరు పక్క మడిలో నిలిచి తగాదా వస్తుంది. వానాకాలపు తొలి వానలకు గట్లు ఎత్తు చేసి ఆ నీటితోనే కడగండి. కాలువ నీరు రాక బోరు మీద ఆధారపడితే ఆ బోరు నీటిని కూడా పరీక్ష చేయించండి, ఉప్పునీటితో ఉప్పు కడగలేం. ఎండాకాలం చివర జీలుగ చల్లి నలభై ఐదు రోజులకు కలియదున్నండి, అది చౌడులో పెరుగుతుంది. నాటేటప్పుడు ముదురు నారు, కుదురుకు మూడు నాలుగు మొక్కలు, దగ్గర దగ్గరగా పెట్టండి. ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో వేయండి. పొట్ట దశలో మడి ఒక్కరోజు కూడా ఆరనీయకండి.

సోడియం సిలికేట్ వద్దు. పేరులోనే ఉన్నట్టు అందులో సగం కథ సోడియం. ఏ సోడియాన్ని కడగడానికి కాలువ తవ్విస్తున్నారో దాన్నే డబ్బులిచ్చి మడిలో పోసినట్టవుతుంది, పైగా దాని ఘాటైన క్షార గుణం మీ పాలచౌడును కారుచౌడు వైపు నెడుతుంది. పక్క రైతు ఇప్పటికే చల్లి ఉంటే, ఈ వారంలో ఆయన మడి మట్టిని కూడా పరీక్షకు పంపమనండి. ఆయన నివేదికలో పీహెచ్ 8.5 దాటి ఉంటే ఆయనకు మీకు చెప్పిన వైద్యం ఒక్కటే చాలదు, జిప్సం కూడా కావాలి.